కత్తిరించి పెట్టిన గుడ్డలు

ఈ ఏటి సావనీరుకి పూర్వవిద్యార్థిగా ఏదైనా రాసిమ్మని విద్యార్థిసంఘం కార్యదర్శి ఫోను చేసేడు. "హాస్టలు జ్ఞాపకాలు రాయండి సార్, సరదాగా ఉండేవి" అని కూడా అన్నాడు. సరదా సంగతులు నా దగ్గర లేకపోలేదు. మెస్సు సాంబారు మీద మేం కట్టిన పద్యాలున్నాయి. సముద్రం ఒడ్డున దీపస్తంభాల కింద పరీక్షలకి చదివిన చదువులున్నాయి. అయితే అవి ప్రతి సావనీరులోనూ ఉంటాయి. ఇందులోనూ నాకంటె బాగా రాసేవాళ్ళు రాసే ఉంటారు. నేను మరొక సంగతి రాస్తాను. నాన్నల గురించి. అందులోనూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన నాన్నల గురించి.

సావనీరులో ఇదేం అమంగళమని చదువరులు అనుకోవద్దు. ఏ హాస్టల్లోనైనా, ఏ బాచిలోనైనా అలాంటి కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళు పదిహేను రోజులు కనపడరు. తర్వాత గుండు మీద రుమాలు కట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. వాళ్ళతో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలీదు. నోట్సు ఇస్తారు, టీ ఇప్పిస్తారు, అంతే. మేం ఎమ్మెస్సీ చదివిన 1976-78 మధ్య, వాల్తేరులో మా హాస్టలుకి అలాంటి టెలిగ్రాములు నాకు తెలిసి నాలుగు వచ్చేయి. నాలుగింటిలోనూ ఒకటే వాక్యం. "ఫాదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ." పోయేరని రాయకూడదు, దారిలో కుర్రాడు ఏమైపోతాడో అని పెద్దవాళ్ళ జాగ్రత్త. ఆ జాగ్రత్త అందరికీ తెలిసిందే కాబట్టి 'సీరియస్' అన్న మాటకి మా హాస్టల్లో ఒకటే అర్థం ఉండేది. టెలిగ్రాం తెచ్చిన గుమాస్తా నా మొహంలోకి చూడకుండా సంతకం పెట్టించుకున్నాడు. నాకు అక్కడే తెలిసిపోయింది. 2013 జులైలో దేశంలో టెలిగ్రాములు ఎత్తేసినప్పుడు పత్రికలన్నీ వాటిని తల్చుకుని వ్యాసాలు రాసేయి. నాకు మాత్రం ఏమంత బెంగ కలగలేదు.

మాది బొబ్బిలి. అప్పటికది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం జిల్లా 1979 జూన్ ఒకటో తారీఖున గాని పుట్టలేదు. మా నాన్న టైలరు. బజార్లో ఎనిమిదడుగుల కొట్టు, అందులో పాత సింగర్ మిషనొకటి, ఉషా మిషనొకటి, కత్తిరించే బల్ల, గోడకి ఓ నిలువుటద్దం. ఆ అద్దం ఓ మూల పగిలితే, పగిలినచోట నాన్న వెంకటేశ్వరస్వామి పటం అంటించేడు. కొలతలిచ్చే వాడికి తన మొహం పక్కన ఎప్పుడూ స్వామి కనపడేవాడు.

కొట్టుకి నాన్న పెట్టిన పేరేదీ లేదు. పేరు పెడితే బోర్డు రాయించాలి, బోర్డు రాయిస్తే జనం పేరు చూసి వస్తారు, పని చూసి రారు అనేవాడు. అది పొదుపో సిద్ధాంతమో నాకు తెలీదు. రెండూ అయి ఉంటుంది.

టైలరుకి సంక్రాంతి జనవరిలో రాదు, డిసెంబరులో వస్తుంది. కోతలై, ధాన్యం డబ్బు చేతికి రాగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుడ్డలు పట్టుకుని దిగుతారు. ఎవరినీ కాదనకూడదు. అందుకని నాన్న ఓ పద్ధతి పెట్టుకున్నాడు. పగలంతా కత్తెర, రాత్రంతా మిషను. పగలు కొలతలు తీసుకున్నవన్నీ ఆ పగలే సుద్దముక్కతో గీతలు గీసి కత్తిరించేసి, ముక్కలన్నీ ఒక మూటగా తాడుతో కట్టి, ఆ గుడ్డదే చిన్న పీలిక ఒకటి రసీదుకి గుచ్చి రెండో పీలిక మూటకి గుచ్చేవాడు. పీలికకి పీలిక కలిస్తే మూట ఎవరిదో తెలుస్తుంది. చదువురాని వాడు కూడా తన రసీదు పోల్చుకోగలడు. కుట్టడం తర్వాత. పండగ నెలలో మా కొట్లో ఎప్పుడూ నలభై యాభై మూటలు అరలో ఉండేవి.

ఆ కొలతల పుస్తకం సంగతి కూడా చెప్పాలి. పొడుగాటి ఖాతా పుస్తకం అది. పేరు, ఊరు, అంగుళాలు. అంగుళాల పక్కన నాన్న సొంత వ్యాఖ్యానం. "కుడి భుజం దిగువ." "పొట్ట లోపలికి పీల్చి నిలబడతాడు, ఇంకో అంగుళం కలుపు." "ఊపిరి ఆడనివ్వని కాలరు అడుగుతాడు, ఇవ్వకు." ఒక పెద్దమనిషి పేరు పక్కన అంగుళాలేవీ లేవు, "ముందు పాత బాకీ" అని మాత్రం ఉంది. ఇప్పటికీ నాకు విసుగొచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చదువుతాను. మొత్తం బొబ్బిలి తాలూకా, భుజాలూ నడుములూ సహా, అందులో ఉంది.

మొదటి పేజీ నాది. ఆరో ఏట మొదలు ఏడాదికి ఒక వరస. నా ఒళ్ళు నాకంటె బాగా ఆ పేజీకి తెలుసు.

1977 జనవరి 6, గురువారం. పండగ ఇంకా ఎనిమిది రోజులుంది. తెల్లవారుజాము దాకా మిషను తొక్కి, గంటో గంటన్నరో పడుకుని మళ్ళీ కొట్టుకి వెళ్ళేడట. గుండెల్లో మంటగా ఉందన్నాడట. గ్యాసు పట్టింది, ఏం లేదు అన్నాడట. పక్కన బడ్డీలో గోలీసోడా తాగేడట. ఎడం చెయ్యి లాగుతోందని కూడా అన్నాడట. అయితే టైలరుకి చెయ్యి లాగని రోజేది? అందుకని ఎవరూ పట్టించుకోలేదట. పదకొండు గంటల వేళ ఒక చొక్కా కాలరు తిప్పుతూ అలాగే మిషను మీదికి ఒరిగిపోయేడట. యాభై ఒకటో ఏడు.

ఇన్ని 'ట'లు ఎందుకంటే, నేనక్కడ లేను గనక. మంచాన పడి పోయిన నాన్నల పిల్లలకి ఆఖరి రోజులు కళ్ళారా చూసినవుంటాయి. చెప్పుకున్న మాటలుంటాయి, నోట్లో పోసిన తులసినీళ్ళుంటాయి. హఠాత్తుగా పోయిన నాన్నల పిల్లలకి ఆఖరి రోజు మొత్తం 'ట'లతోనే దక్కుతుంది. సోడా ఇచ్చిన వాడొకటి చెబుతాడు, పక్క కొట్టువాడొకటి చెబుతాడు. ముక్కలన్నీ మనమే కూర్చుకోవాలి.

ఛాతీలో మంట, ఎడం చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చల్లటి చెమట, వీటిని గ్యాసని తోసెయ్యకూడదని, మొదటి గంట చాలా విలువైందని ఇప్పుడు బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005లో వచ్చింది. 1977లో మా వాళ్ళకి గుండెపోటంటే సినిమాలో జమీందారు ఛాతీ పట్టుకుని మెట్లమీంచి దొర్లడమే. సోడా తాగి మళ్ళీ పనిలో కూర్చున్నవాడికి గుండెపోటని ఎవరనుకుంటారు? నేను ఎవరినీ ఏమీ అనను. ఇది చదివే పిల్లలు సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు మీ నాన్న 'గ్యాసు' అంటే మాత్రం కాస్త చెవిన పెట్టండి.

జరగవలసినవి జరిగేయి, వాటి గురించి రాయను. నేను రాయదల్చుకున్నది మూడో రోజు నుంచీ మొదలైన సంగతి.

రసీదులు పట్టుకుని జనం రావడం మొదలెట్టేరు.

పక్క ఊళ్ళ వాళ్ళకి కబురు తెలీదు. కొట్టు మూసి ఉంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. వీధి గుమ్మంలో నిలబడి "మేష్టారున్నారా?" అనేవారు. మా ఊళ్ళో టైలర్ని కూడా మేష్టారనే అంటారు. నేను బయటికొస్తే నా గుండు, నా ఒంటిమీది పంచె చూసి మాట ఆగిపోయేది. ఒకాయన రసీదుని చటుక్కున జేబులో దాచేసుకున్నాడు, అదేదో తప్పు వస్తువైనట్టు. ఒకావిడ అరుగు మీద కూలబడి మా అమ్మ కంటె ముందు తనే ఏడ్చింది. ఆవిడ కొడుక్కి ఆ ఏడే పెళ్ళి, కోటు కుట్టడానికి ఇచ్చిందిట. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "అయితే బాబూ, మరి ఆ గుడ్డా..." అంది. ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. కోటుగుడ్డ ఖరీదు నాకు తెలుసు.

మూటలు లెక్కపెడితే నలభై మూడున్నాయి. కుట్టినవి కాదు, కుట్టనివి కాదు, కత్తిరించి పెట్టినవి. గుడ్డ కత్తిరించక ముందు గుడ్డ, కుట్టేక చొక్కా. ఈ మధ్యలో ఉన్నది ఎవరికీ ఎందుకూ కొరగాదు. తిరిగి ఇచ్చెయ్యడానికి లేదు, ఇంకొక టైలరు పట్టుకోడు. ఒకడు గీసిన గీతలు ఇంకొకడికి అర్థం కావు. అడ్వాన్సులు తీసుకున్న డబ్బు అప్పటికే దారాలకీ అస్తరుకీ నా మెస్సు బిల్లుకీ వెళ్ళిపోయింది. దానికితోడు మైల. చావు జరిగిన ఇంట్లోంచి వచ్చిన బట్ట పండగపూట ఎవరు కట్టుకుంటారు? అలాగని పండగ దాటిపోయేక ఇస్తే ఎవరికి కావాలి? అమ్మ ఆ మూటలకేసి చూస్తూ కూర్చునేది. నాన్న కోసం ఏడవడానికి కూడా తీరిక లేకుండా ఆ మూటలు మా నెత్తిన కూర్చున్నాయి.

మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఇంకో టైలరు ఉండేవాడు. ఆయనా మా నాన్నా మాట్లాడుకుని ఏళ్ళయింది. తగువేమిటో నాకు ఈనాటికీ తెలీదు. ఎదురెదురుగా పన్నెండు గంటలు కూర్చుని ఒకరినొకరు చూసుకోకుండా ఉండటం కూడా ఒక విద్యే. నేను చిన్నప్పుడు ఆయన కొట్టు ముందునుంచి వెళ్తే నాన్న ఊరుకునేవాడు గాని, ఆగితే పిలిచేవాడు.

అయిదో రోజు రాత్రి, వీధి సద్దుమణిగేక, ఆయన మా ఇంటికి వచ్చేడు. లోపలికి రాలేదు. అరుగు కింద చెప్పులు విడిచి నిలబడి, "వదినమ్మా, మూటలు ఇప్పించు" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు.

"మా కొట్లోంచి వెళ్తే మైల ఉండదు. మా కుర్రాళ్ళు ఇద్దరున్నారు. నాలుగు రాత్రులు కూర్చుంటే పండగకి అందుతాయి. కాకపోతే మీ ఆయన గీతలు నాకు తెలీవు. ఎవరైనా చెప్పాలి."

గీతలు మా అమ్మకి తెలుసు. ఆ సంగతి నాక్కూడా తెలీదు. ఇరవై ఏళ్ళు బొత్తాలు కుడుతూ, కాజాలు తీస్తూ, రాత్రిళ్ళు ఆయన పక్కన కూర్చుని ఆవిడ అన్నీ చూస్తూనే ఉంది. ఒక అడ్డగీత ఉంటే ఇక్కడ మడత, రెండుంటే కుచ్చు, చిన్న సున్నా పెడితే లోపల జేబు. మైలలో ఉన్న మనిషి ఇల్లు కదలకూడదు కాబట్టి ఆయన ఇద్దరు కుర్రాళ్ళూ వంతులవారీగా మూట పట్టుకుని మా అరుగు దాకా వచ్చేవారు. లాంతరు వెలుగులో అమ్మ దూరంగా కూర్చుని వేలితో చూపిస్తూ చెప్పేది. నేను కొలతల పుస్తకం తీసి పైకి చదివేవాణ్ణి. "కుడి భుజం దిగువ" అని నేను చదివితే అమ్మ, "అవును, ఆయన రెడ్డిగారి పాలేరు, కావిడి మోసి మోసి అలా అయింది" అనేది. అలా నాలుగు రాత్రులు, మా అరుగు మీద, మా నాన్న పని జరిగింది. తలకొరివి పెట్టినప్పుడు కంటె ఆ నాలుగు రాత్రుల్లోనే నేను మా నాన్నకి దగ్గరగా ఉన్నాననిపిస్తుంది. ఆయన ఎవర్ని చూసి ఏమనుకున్నాడో, ఎవరి వంకర ఎలా కనపడకుండా కప్పేడో, అన్నీ నా చేత చదివించేడు.

నలభై మూడులో నలభై రెండు పండగకి అందేయి. ఆ పెళ్ళికొడుకు కోటుతో సహా. మిగిలినది చొక్కా కాదు, వీణ గవిసెన. బొబ్బిలి వీణలు గొల్లపల్లిలో చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఒకే పనసకర్రలోంచి తొలిచే ఏకాండి వీణలు. వాటికి గుడ్డ తొడుగులు కొన్ని నాన్న కుట్టేవాడు. ఎదురు టైలరు అది పట్టుకోనన్నాడు, వీణకి కొలత తీయడం తనకి రాదన్నాడు. వీణ చేసినాయన తనే వచ్చి, కత్తిరించిన ముక్కలు చూసి, "మీ నాన్న టేపు పెట్టేవాడు కాదు బాబూ, వీణంతా ఒకసారి తడిమేవాడు" అన్నాడు. తీసుకుపోలేదు. "తొందర లేదు" అని వెళ్ళిపోయేడు. మైల తీరేక అమ్మ దాన్ని చేత్తోనే కుట్టింది.

కుట్టుకూలి తీసుకోమంటే ఎదురు టైలరు తీసుకోలేదు. అమ్మ మొండిపట్టు పట్టింది. చివరికి దారాల ఖర్చూ, బొత్తాల ఖర్చూ లెక్కగట్టి అంత మాత్రం తీసుకున్నాడు. పైసలతో సహా. అది నాకు నచ్చింది.

జనవరి 18న నేను తిరుగుప్రయాణం కట్టేను. ఆ రాత్రే లోక్‌సభ ఎన్నికలు జరుగుతాయని ఇందిరాగాంధీ రేడియోలో ప్రకటించేరు. హాస్టలంతా ఉడికిపోతోంది. నన్ను ఎవరూ గమనించలేదు, అదీ మేలే అయింది. పెట్టె తెరిస్తే పైన కొత్త బెల్‌బాటం పంట్లాం ఉంది. డిసెంబరులో ఉత్తరం రాసి అడిగేను. కింద వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలుండాలని కూడా రాసేను. నాన్నకి ఆ ఫాషను అంటే అసహ్యం, "గుడ్డ దండగ" అనేవాడు. అయినా కత్తిరించే ఉంచేడట. నలభై మూడు మూటల్లో నాదీ ఒకటని అప్పటిదాకా నాకు తెలీదు. పీలికకి రసీదు లేదు కాబట్టి అమ్మకి తెలిసింది, ఇది ఇంటిదని. ఎదురు టైలరు చేత కుట్టించి, నాకు చెప్పకుండా పెట్టెలో పెట్టింది.

వేసుకుని చూసి, కిందంచు తిరగేసేను. లోపల రెండంగుళాల మడత ఉంది. చిన్నప్పట్నుంచీ నా పంట్లాములన్నిటికీ నాన్న అలాగే ఉంచేవాడు, ఎదిగే పిల్లాడని, ఏడాది పోయేక దింపొచ్చని. అప్పటికి నాకు ఇరవై ఒకటి నిండేయి.

మా ఫిజిక్సు డిపార్టుమెంటులో ఒక మేష్టారుండేవారు. పరామర్శలు చేతకాని మనిషి. ఒకరోజు లాబులో నా పక్కకొచ్చి, సంబంధం లేకుండా, విక్రమ్ సారాభాయ్ గురించి మాట్లాడేరు. 1971 డిసెంబరు 30న కోవళంలో రాత్రి పడుకున్నాయన లేవలేదు. యాభై రెండేళ్ళు. తలపెట్టినవన్నీ సగంలో ఉన్నాయి. ఆర్యభట్ట ఎగిరింది 1975 ఏప్రిల్లో. ఉపగ్రహం ద్వారా పల్లెలకి టెలివిజన్ చూపించాలని 1969లో ఆయన హయాంలో కుదిరిన ఒప్పందం, 1975-76లో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాల్లో జరిగింది, మన రాష్ట్రంలో కూడా. ఇంత చెప్పి మేష్టారు, "రీడింగు తీసుకో" అని వెళ్ళిపోయేరు. ఆయన ఎందుకు చెప్పేరో నాకు వెంటనే అర్థమైంది. అది కూడా కత్తిరించి పెట్టిన గుడ్డే.

నా గదిలో ఉండే స్నేహితుడిది దివిసీమ. అప్పటికి నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడి ఎంతో కాలం కాలేదు, కృష్ణా జిల్లా కుర్రాళ్ళు ఇంకా వాల్తేరు వచ్చేవారు. నా గుండు చూసి ఏమీ అనకుండా, నెలరోజులపాటు నా బక్కెట్టు కూడా తనే నింపి పెట్టినవాడు వాడు. వాళ్ళ నాన్న మూడెకరాల రైతు. అదే ఏడు నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. వాడికి టెలిగ్రాం రాలేదు. రావడానికి తీగలే లేవు. ఆదివారం రేడియోలో విన్నది, సోమవారం పేపర్లో చూసినది, అంతే. ఇద్దరం బయల్దేరేం. విజయవాడ దాకా రైలు, తర్వాత దొరికిన లారీ, ఆ తర్వాత నడక.

అక్కడ చూసినదంతా రాయడం నాకు చేతకాదు. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి లోపలికి వచ్చిన నేల అది. తాటిచెట్టుకి చిక్కుకున్న చీరలు, ఉబ్బిన గొడ్లు, ఎవరినెవరు ఏమని పిలవాలో తెలియని ఊళ్ళు. పోయినవారు పదివేలకి పైమాటేనన్నారు. నిజం లెక్క ఎవరికీ తెలీదు, లెక్క చెప్పవలసిన కుటుంబాలు కుటుంబాలే పోయేయి. వాళ్ళ అమ్మ బడి డాబా మీద బతికింది. నాన్న గేదెల కట్లు విప్పడానికని వెళ్ళేడట. మళ్ళీ 'ట'. ఆయన దొరకలేదు. దర్భలతో ప్రతిమ చేసి కర్మ చేయించేరు. కార్తీక శుద్ధంలో ఆ తిథి వస్తే ఆ ప్రాంతంలో ఇంటింటా తద్దినమే. పురోహితులు ఎన్నిళ్ళకని వెళ్తారు?

వాడు వాల్తేరు తిరిగి రాలేదు. నేను వాడి పుస్తకాలూ ట్రంకుపెట్టే వాల్తేరు స్టేషన్లో పార్సిలు వేసేను. మూడెకరాల్లోనూ ఉప్పు మేట వేసింది. కాలవనీళ్ళు పెట్టడం, నిలగట్టడం, తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. వాళ్ళ నాన్న ఆ ఏడు గట్టు ఒకటి సగం వేసి ఉంచేడు, ఉప్పెన దాన్ని కోసుకుపోయింది. వాడు దాన్ని మళ్ళీ మొదలునుంచీ వేసేడు. "మా నాన్న వంకరగా వేసేడురా, నేనూ వంకరగానే వేసేను, తిన్నగా వేస్తే పక్కవాడికి నీళ్ళెళ్ళవు, అది నాకు గట్టు వేసేకే తెలిసింది" అని ఉత్తరం రాసేడు.

1990 మే నెలలో మళ్ళీ అంత పెద్ద తుఫాను కృష్ణా జిల్లా తీరాన్నే తాకింది. ఈసారి ముందుగా చెప్పేరు, లక్షలాది జనాన్ని తరలించేరు, తుఫాను షెల్టర్లున్నాయి. పోయినవారు వెయ్యిలోపే. వెయ్యి తక్కువేం కాదు, కాని 1977తో పోల్చి చూడండి. వాడు నాకు రాసినది మాత్రం ఒక్క ముక్క: "ముందురోజు పొద్దున్నే గేదెల కట్లు విప్పేసేను. అమ్మతో షెల్టరుకి వచ్చేసేను. మేం బాగున్నాం."

ఇంత పాతకాలపు గోల నేటి పిల్లలకెందుకని అడగవచ్చు. కిందటేడు పూర్వవిద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు నాకు వలంటీరుగా ఒక అమ్మాయిని అప్పగించేరు. ఎమ్మెస్సీ చదువుతోంది. హాలు తీరిగ్గా నిండుతోంది, చెట్టు కింద కూర్చున్నాం. మాటల్లో వాళ్ళ నాన్నగారి సంగతి వచ్చింది. గాజువాకలో మోటారు వైండింగు చేసేవారు. 2021 మే నెలలో, కోవిడ్ రెండో తడవలో, నాలుగు రోజుల్లో పోయేరు. అమ్మాయి అప్పుడు ఇంటరు. ఆస్పత్రి గేటు దాకా ఆటోలో తీసుకెళ్ళేరు. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. చూపించినది ప్లాస్టిక్ సంచి. ఫోన్లో ఆఖరి మాట ఒకటుంది, పదకొండు సెకన్లు. "ఆ రెండు హార్సుపవరు మోటారు నాగేలా చూడమను. తిన్నావా?" అంతే.

"నాగేలా అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"అది నాకూ చాలాకాలం అర్థం కాలేదండి. ఆయాసంతో మాట మింగేశారు. 'నానకుండా ఎలాగైనా' అని మా తమ్ముడంటాడు. మోటార్లు వరండాలో ఉన్నాయి, వానొస్తుందని."

మూడు మోటార్లు సగం చుట్టి ఉన్నాయట. రాగితీగ గేజి ఎంత, గాడికి ఎన్ని చుట్లు అన్నదంతా ఆయన ఒక పాకెట్ డైరీలో రాసుకునేవారట. అది లేకపోతే ఆ మోటార్లు తుక్కు కింద అమ్మాల్సిందే. తమ్ముడికప్పుడు పదిహేనేళ్ళు. డైరీ ముందు పెట్టుకుని, నాన్నతో కలిసి ఒకప్పుడు పనిచేసిన ఆయన్ని బతిమాలి తెచ్చుకుని, లెక్కపెట్టి లెక్కపెట్టి చుట్టేడట. ఒకటి మొదటిసారి కాలిపోయిందట కూడా. ఇప్పుడు కొట్టు వాడే చూసుకుంటున్నాడు, ఐటీఐ చదువుతూ.

"నాన్న నంబరు తీసెయ్యలేదండి. నెలనెలా రీచార్జి చేస్తాం. ఆ ఫోను నా దగ్గరే ఉంటుంది" అంది. ఎందుకని నేను అడగలేదు. మా అరుగు మీద రసీదులు పట్టుకుని నిలబడ్డ వాళ్ళు నాకు గుర్తున్నారు. కాకపోతే వాళ్ళు ఒక్క పండగ నెలలోనే వచ్చి వెళ్ళిపోయేరు. ఈ పిల్లకి నాలుగేళ్ళ తర్వాత కూడా వస్తున్నారు. పాత మోటారుకి మళ్ళీ జబ్బు చేసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ నంబరు తీస్తారు. మొదట్లో చెప్పలేక పెట్టేసేదాన్నని, తర్వాత నేర్చుకున్నానని అంది.

లోపల మైకు సరిచేస్తున్నారు. ఆ అమ్మాయి సంచిలో పాతకాలపు బొత్తాల ఫోనొకటి మోగింది. నాకేసి చూసి, లేచి, రెండడుగులు అవతలికి వెళ్ళింది. అయినా వినపడింది.

"హలో... లేరండి. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది... పర్లేదండి, మీకు తెలీదు కదా... నేను వాళ్ళమ్మాయిని. ఏ మోటారండి? బోరుదా? నాన్నగారే చుట్టారా, ఏ సంవత్సరం?... అయితే డైరీలో ఉంటుందండి. తీసుకురండి. సాయంత్రం అయిదు దాటేక మా తమ్ముడు కొట్లోనే ఉంటాడు."